పాత వెండిపూత పాత్రలు: నలుపా, అరుగుదలా?

అమ్మమ్మ వెండి కుందుల్ని విభూతితో రుద్ది తళతళలాడించేది. ఆ అలవాటుతోనే ఇంగ్లండ్‌లో పాత వస్తువుల సంతలో కొన్న ట్రేని కూడా రుద్దేస్తాం. ఆ రుద్దుడే దాని ప్రాణం తీస్తుంది. అడుగున ‘ఈపీఎన్‌ఎస్’ (EPNS) అని ఉంటే అది పూర్తి వెండి కాదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం మీద కరెంటుతో ఎక్కించిన పలుచని వెండి పొర. ఈ పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్లు 1840లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందువి షెఫీల్డ్ ప్లేట్: రాగి మీద వెండి రేకును వేడితో అతికించి, సాగదీసి చేసినవి.

పాత్ర అంతా నల్లబడింది

గాలిలోని గంధకం వెండిని పట్టిన గుర్తు ఇది. గుడ్డు, ఉల్లిపాయ, ఉన్ని బట్ట, రబ్బరు బ్యాండు, అన్నీ దీన్ని పెంచుతాయి. మెత్తటి నూలు గుడ్డకు కాస్త సిల్వర్ పాలిష్ అద్ది, ఒకచోట మెల్లగా తుడిచి చూడండి. గుడ్డ నల్లబడి కింద తెల్లటి మెరుపు కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు, వెండి ఉంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగి వెంటనే తుడిచి ఆరబెట్టండి. టూత్‌పేస్ట్, విభూతి, పీచు వద్దు.

అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లలో ముంచే చిట్కా పనిచేస్తుంది. వెండి పెద్దగా పోదు కూడా. కానీ చెక్కడం ఉన్న పాత్రకి నేను చేయను. గీతల్లో నిలిచిన నలుపే పువ్వుకి ఆకారం ఇస్తుంది, అది పోతే ట్రే బోసిగా కనిపిస్తుంది. పిడి అతికించిన వస్తువులకి, షెఫీల్డ్ ప్లేట్‌కి అసలే వద్దు.

అంచుల్లో ఎరుపో పసుపో కనిపిస్తోంది

ఇది మురికి కాదు, వెండి అరిగి బయటపడ్డ లోపలి లోహం. ఎంత తుడిచినా పోదు, ఇంకా పెరుగుతుంది. నా దగ్గరున్న కోలగా ఉండే ట్రేకి చుట్టూ ద్రాక్షతీగ ఉంది. ఒకవైపు ఆకుల ఈనెలు ఇంకా వేలికి తగులుతాయి, రెండోవైపు నున్నగా అరిగి లోపలి లోహం పసుపుగా తొంగిచూస్తోంది. ఎవరో కుడిచేత్తో ఏళ్ల తరబడి ఆ వైపే గట్టిగా తుడిచారని నాకనిపిస్తుంది.

చేయాల్సింది తుడవడం తగ్గించడమే. మళ్లీ పూత వేయించవచ్చు, కానీ షెఫీల్డ్ ప్లేట్‌కి ఆ పని చేయిస్తే పాతదనమూ విలువా రెండూ పోతాయి. ఎరుపు కనిపించే పాత్రని అలంకారంగా పెట్టుకోండి. అందులో పులిహోర, పెరుగుపచ్చడి, నిమ్మరసం పోసిన సలాడ్ వడ్డించకండి. పులుపు తగిలితే రాగి తిండిలోకి దిగుతుంది.

చిన్న చిన్న నల్ల గుంటలు

ఉప్పు పని. గుంట పడ్డాక దాన్ని పూడ్చడం ఇంట్లో సాధ్యం కాదు. పాత ఉప్పు గిన్నెల లోపల నీలి గాజు గిన్నె అమర్చేవారు, ఇందుకే. మీ గిన్నెలో గాజు లేకపోతే చిన్న గాజు కప్పు పెట్టండి. వడ్డన అయ్యాక రాత్రంతా వదిలేయకండి, వెంటనే కడగండి.

అతుకుల దగ్గర ఆకుపచ్చ చిలుము

తడి ఆరకుండా లోపల పెట్టారు. వెదురు పుల్లతో మెల్లగా తీసి, కడిగి, బాగా ఆరబెట్టండి.

కత్తి పిడి కదులుతోంది

బోలుగా ఉండే పాత పిడుల్లో లక్కలాంటి పదార్థం పోసి కత్తిని బిగించేవారు. మరిగే నీళ్లలో, డిష్‌వాషర్‌లో అది కరిగిపోతుంది. వెండి పని తెలిసినవాళ్ల చేత మళ్లీ బిగించుకోండి. ఆ తర్వాత పిడి మునగకుండా, కత్తి అలుగు మాత్రమే గోరువెచ్చని నీటిలో కడగండి.