వీడియో ఫైళ్లకు బొమ్మలు కనిపించకపోతే

ఒంటిమిట్ట కల్యాణం రాత్రి ఫోనులో తీసిన వీడియోలను కడపకు వచ్చాక కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ఫోల్డర్ నిండా ఒకేలాంటి గుర్తులే, లోపలి దృశ్యాన్ని చూపే చిన్న బొమ్మ (థంబ్‌నెయిల్) ఒక్కటీ లేదు. తలంబ్రాలు ఏ ఫైలులో ఉన్నాయో, తోపులాట ఏ ఫైలులో ఉందో తెరిస్తే తప్ప తెలియదు.

విండోస్ వాడేవారు ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ తెరిచి, ‘ఆల్వేస్ షో ఐకాన్స్, నెవర్ థంబ్‌నెయిల్స్’ పక్కన టిక్కు ఉంటే తీసేయండి. ఫోల్డర్‌ను లార్జ్ ఐకాన్స్‌కు మార్చండి. లిస్ట్, డీటెయిల్స్‌లో బొమ్మలు ఎలాగూ రావు.

అప్పటికీ రాకపోతే లోపం చాలావరకు కోడెక్‌దే, అంటే కుదించిన వీడియోను విప్పి చూపే సాఫ్ట్‌వేర్‌దే. ఇప్పటి ఫోన్లలో చాలా వాటికి హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో తీసే సదుపాయం ఉంది. అలాంటి వీడియో వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా ఆడుతుంది, ఫోల్డర్‌లో బొమ్మ మాత్రం రాదు. వీఎల్‌సీ తన కోడెక్‌లను తానే వాడుకుంటుంది, విండోస్‌కు అరువివ్వదు మరి! విండోస్‌కు ఆ కోడెక్‌ను ఇచ్చే హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొద్ది ధరకు దొరుకుతాయి. ఎంకేవీ రకం వీడియో ఫైళ్లు కూడా ఉంటే నా ఓటు బొమ్మలు చూపించే ఐకారోస్ అనే ఉచిత ప్రోగ్రాంకే.

ఇంత చేశాక కూడా పాత గుర్తులే వెక్కిరిస్తుంటే, విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్‌కు మాత్రమే టిక్కు పెట్టి తుడిచేయండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కనిపిస్తే దాని జోలికి మాత్రం పోవద్దు. థంబ్‌నెయిల్స్ తుడిస్తే పోయేది విండోస్ దాచుకున్న చిన్న బొమ్మలే, మీ వీడియోలు కావు. ఫోల్డర్ మళ్లీ తెరిస్తే అవి కొత్తగా తయారవుతాయి. ఫైళ్లు పెద్దవైతే కాసేపు ఆగాలి.