చిన్న క్లాసుల్లో బుల్లీయింగ్‌ను ఆపడం ఎలా? బెంగళూరు తెలుగు తల్లిదండ్రుల కోసం

స్కూల్ వ్యాన్ దిగగానే బ్యాగు పడేసి బాత్రూమ్‌కి పరిగెత్తే పిల్లలు చాలామందే ఉంటారు. స్కూల్లో బాత్రూమ్ బాగుండదేమో అనుకుని మనం వదిలేస్తాం. నిజంగా అదే కారణం కావచ్చు. కానీ వాటర్ బాటిల్ నిండుగా తిరిగొస్తున్నా, పెన్సిళ్లు వరసగా పోతున్నా, ఆదివారం రాత్రి నుంచే కడుపునొప్పి మొదలవుతున్నా కాస్త ఆరా తీయాలి. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు "నన్ను ఏడిపిస్తున్నారు" అని తమంతట తాము చెప్పడం తక్కువ.

మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. నాన్నకో అమ్మకో ఉద్యోగం మారి, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఏడాది మధ్యలో వచ్చి చేరతారు. అప్పటికే క్లాసులో ఎవరి జట్టు వాళ్లకుంటుంది. కన్నడ పీరియడ్‌లో కొత్తగా వచ్చినవాడు దిక్కులు చూస్తుంటాడు. "కన్నడ బరల్వా?" (కన్నడ రాదా?) అని ఒకడు నవ్వితే పక్కవాళ్లూ నవ్వుతారు. ఆ నవ్వు అక్కడితో ఆగితే ఫర్వాలేదు. లంచ్‌లో, వ్యాన్‌లో రోజూ వెంట వస్తుంటే మాత్రం మనం కల్పించుకోవాల్సిందే.

1. ముందు అది తగాదానా, బుల్లీయింగా తేల్చుకోండి

బ్యాట్ కోసం కొట్టుకుని మర్నాడు మళ్లీ కలిసి ఆడుకుంటే అది తగాదా. నార్వేలో పనిచేసిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ చెప్పిన మూడు గుర్తులు ఇప్పటికీ పనికొస్తాయి: కావాలని చేయడం, మళ్లీమళ్లీ చేయడం, ఎదురు తిరగలేనివాళ్ల మీద చేయడం. ఆ బలం ఒంట్లోనే ఉండాలని లేదు. చుట్టూ నలుగురు ఉండటమూ బలమే, క్లాసులో అందరికీ వచ్చిన భాష రావడమూ బలమే. కొట్టకుండా కూడా ఏడిపించవచ్చు. ఆడపిల్లల్లో "దానితో ఎవరూ మాట్లాడొద్దు" అన్న కట్టడి నెలల తరబడి నడుస్తుంది, టీచరు కంట పడదు.

2. "ఎవరు" అని కాదు, "ఎక్కడ" అని అడగండి

నా దృష్టిలో అసలు పని ఇదే. "ఎవరు కొట్టారో చెప్పు" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. పేరు చెబితే రేపు ఏమవుతుందో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. చోటు చెప్పడానికి అంత భయం ఉండదు.

ఒక తెల్లకాగితం, రెండు స్కెచ్ పెన్నులు తీసుకుని పక్కన కూర్చోండి. వ్యాన్, ప్రేయర్, మొదటి పీరియడ్, చిన్న బ్రేక్, బాత్రూమ్ లైను, లంచ్, పీటీ, మళ్లీ వ్యాన్ అంటూ రోజంతా గళ్లుగా గీయించండి. హాయిగా ఉండే గడికి ఆకుపచ్చ, బాగోని గడికి ఎరుపు వేయమనండి. మధ్యలో ప్రశ్నలు వేయకండి. క్లాసు గళ్లన్నీ ఆకుపచ్చగా ఉండి, సాయంత్రం వ్యాన్ గడి ఒక్కటే కాగితం చిరిగేలా ఎర్రగా రుద్దేసి ఉందనుకోండి. అప్పుడు "వ్యాన్‌లో ఎక్కడ కూర్చుంటావు?" అంటే చాలు. "వెనక సీటు. ఐదో క్లాసు అన్నలు అక్కడే కూర్చోమంటారు" అని మెల్లగా బయటికొస్తుంది. సర్జాపూర్ రోడ్డు ట్రాఫిక్‌లో వ్యాన్ గంటసేపు పాకితే, ఆ గంటంతా పిల్లాడు వెనక సీట్లోనే ఉంటాడు. పెద్దవాళ్లేమో డ్రైవరు, ఆయా. ఇద్దరూ ముందుంటారు.

బుల్లీయింగ్ ఎక్కువగా పెద్దల కన్ను పడని చోట్లే జరుగుతుంది. చోటు తెలిస్తే, తప్పు ఎవరిదో తేలకముందే సగం పని చేసేయవచ్చు.

3. రాసిపెట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి

తేదీ, చోటు, ఏం జరిగింది, పిల్లాడు ఏ మాటల్లో చెప్పాడు. ఇవి చాలు. మన ఊహలు, ఎదుటి పిల్లాడి పెంపకం మీద వ్యాఖ్యలు వద్దు. ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడి, అదే విషయాన్ని ఆ రోజే మెయిల్‌లోనూ పెట్టండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"ఈ వారం మూడు రోజులు సాయంత్రం వ్యాన్ వెనక సీట్లో మా అబ్బాయి బ్యాగు లాక్కుని, పేరు పెట్టి ఏడిపించారని చెబుతున్నాడు. రేపటి నుంచి ముందు సీట్లో, ఆయా పక్కన కూర్చోబెట్టండి. ఏం చేశారో శుక్రవారంలోగా తెలియజేయండి."

అడిగేది ఒక్కటే ఉండాలి, దానికి గడువు ఉండాలి. "తగిన చర్య తీసుకోండి" అంటే ఎవరూ ఏమీ తీసుకోరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అందులో ఆ పిల్లల తల్లిదండ్రులూ ఉంటారు, రాత్రికల్లా అది పెద్దల గొడవైపోతుంది. పోలీసు కేసంటూ బెదిరించడమూ అనవసరం. భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసిన పని అసలు నేరమే కాదు.

4. స్కూల్‌ను ఏం అడగాలి

చిన్న క్లాసులవాళ్లకు వ్యాన్‌లో ముందు సీట్లు. లంచ్‌లో, బాత్రూమ్ దగ్గర ఒక పెద్ద మనిషి నిలబడటం. టీముల ఎంపిక పిల్లలకు వదలకుండా పీటీ సారే చేయడం. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

రెండోది, చూస్తూ నిలబడే పిల్లల సంగతి. కెనడాలో ప్రాథమిక పాఠశాలల ఆటస్థలాల్ని వీడియో తీసి 2001లో ఒక పరిశీలన ప్రచురించారు. 88 శాతం సంఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు, 19 శాతంలోనే ఎవరో ఒకరు అడ్డుకున్నారు. అడ్డుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన 'కీవా' కార్యక్రమం కూడా చూసేవాళ్లను మార్చడం మీదే నడుస్తుంది. మన స్కూల్లో టీచర్ వారానికి ఒక పీరియడ్‌లో చిన్న నాటికలా వేయించి, "రా, మనం అటు వెళ్లి ఆడుకుందాం" అని ఏడిపించబడేవాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లడం నేర్పవచ్చు. ఎదురు తిరగమని చిన్నపిల్లలకు చెప్పక్కర్లేదు.

ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "సారీ చెప్పుకోండి, షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి" అంటే ఒప్పుకోవద్దు. తగాదాకైతే అది సరే. ఇక్కడ ఒకడు భయపడుతున్నాడు, రెండోవాడికి ఆ సంగతి తెలుసు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి.

5. ఇంట్లో రిహార్సల్

"నువ్వూ రెండు తగిలించి రా" అని తాతయ్యలు అంటూనే ఉంటారు. తిరిగి కొట్టినవాడే టీచర్ కంట పడతాడు, అదే కష్టం. దానికి బదులు ఒక్క వాక్యం నేర్పండి: "ఆపు, నాకు నచ్చలేదు." గట్టిగా చెప్పి, ఆగకుండా పెద్దవాళ్లున్న వైపు నడవాలి. హాల్లో మీరే ఏడిపించేవాడిలా నటించి నాలుగుసార్లు చేయించండి, నవ్వుతూనే నేర్చుకుంటారు. చాడీలు చెప్పొద్దని మనమే నేర్పి ఉంటాం కాబట్టి, ఎవరికైనా దెబ్బ తగులుతున్నా భయమేస్తున్నా చెప్పడం చాడీ కాదని విడమరచి చెప్పాలి. భాష దగ్గరే చిక్కయితే ఆటల్లో పనికొచ్చే నాలుగు కన్నడ మాటలు పక్కింటి ఆంటీ దగ్గర నేర్పించండి. అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే క్లాస్‌మేట్ ఒకణ్ని శనివారం టిఫిన్‌కి పిలవండి. క్లాసులో ఒక్క నేస్తం దొరికినా ఒంటరిగా దొరకడం తగ్గుతుంది.

మీ పిల్లే ఏడిపిస్తోందని ఫోన్ వస్తే? "మా పాప అలాంటిది కాదు" అనకండి. బెల్టు కూడా తీయకండి, బలం ఉన్నవాడిదే మాట అని మళ్లీ మనమే నేర్పినట్టవుతుంది. ఏం జరిగిందో విని, లాక్కున్న వస్తువు తనచేతే తిరిగి ఇప్పించండి. టీచర్‌తో వారం వారం మాట్లాడండి.

6. స్కూల్ కదలకపోతే

క్లాస్ టీచర్, కోఆర్డినేటర్, ప్రిన్సిపాల్. ప్రతి మెట్టు దగ్గరా పాత మెయిల్ జత చేయండి. సీబీఎస్ఈ స్కూలైతే 2015లో బోర్డు ఇచ్చిన మార్గదర్శకాల్లో బుల్లీయింగ్ నిరోధక కమిటీ ప్రస్తావన ఉంది. ఆ కమిటీలో ఎవరెవరున్నారని అడగండి. ప్రభుత్వ పాఠశాలైతే తల్లిదండ్రులుండే పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) ముందు పెట్టవచ్చు. టీచరే అందరి ముందు హేళన చేస్తుంటే అది వేరే సంగతి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. కర్ణాటక బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. గాయాలున్నా, తాకరాని చోట తాకారని పిల్లలు చెప్పినా ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 24 గంటలూ ఉచితం.

రెండు వారాలకోసారి ఆ గళ్ల కాగితం మళ్లీ గీయించండి. ఎరుపు తగ్గకపోతే సెక్షన్ మార్పించండి, అదీ కాకపోతే స్కూల్ మార్చడంలో నామోషీ ఏమీ లేదు. కొత్త స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు స్విమ్మింగ్ పూల్ దగ్గర కాదు, లంచ్ టైములో కారిడార్‌లో పది నిమిషాలు నిలబడి చూడండి. "అన్నిచోట్లా సీసీటీవీ ఉంది" అంటే, ఆ కెమెరాలను ఎవరు, ఎప్పుడు చూస్తారో అడగండి.