బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళకు ఎండాకాలం జాగ్రత్తలు: పొద్దున తప్పిన నీళ్ళు సాయంత్రం పూడవు

రెంటచింతలలో, రామగుండంలో, కొత్తగూడెంలో 44, 45 డిగ్రీలని వార్తలు మొదలయ్యాయంటే బరువు తగ్గే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ వార్డులకు ఒక రకం కేసులు వస్తాయి. ఆపరేషన్ అయి నెలో, రెండు నెలలో గడిచి ఉంటుంది. కుట్లు మానాయి, బరువు తగ్గుతోంది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. ఏ పెళ్ళికో వెళ్ళొచ్చిన మర్నాడు మంచం మీంచి లేవబోయి కళ్ళు తిరిగి పడిపోతారు. రక్త పరీక్ష చేస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. ఆపరేషన్‌లో లోపమేమీ ఉండదు. ఒంట్లో నీళ్ళు లేవు, అంతే. ఈ సర్జరీల తర్వాత మళ్ళీ ఆసుపత్రి పాలయ్యే ముఖ్య కారణాల్లో డీహైడ్రేషన్ ఒకటి, మామూలు రోజుల్లో కూడా. ఎండల్లో ఇక చెప్పక్కర్లేదు.

గొడుగు, నూలు బట్టలు, మిట్టమధ్యాహ్నం బయట తిరగకపోవడం అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. స్లీవ్ (జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసేసేది), బైపాస్ (పైన చిన్న సంచి మాత్రం ఉంచి దాన్ని నేరుగా చిన్నపేగుకు అతికేది), అందులోనే ఒక రకమైన మినీ బైపాస్, ఏది చేయించుకున్నా, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్ళను ముంచే తప్పు ఒకటుంది. పగలంతా పనిలో పడి తాగకుండా ఉండి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ బాకీ అంతా ఒక్కసారి తీర్చాలని చూడటం.

ఎందుకు పూడదో లెక్క వేసి చూడండి

స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలిన గొట్టంలో మొదట్లో పట్టేది సుమారు 100 నుంచి 150 మి.లీ. బైపాస్‌లో పైన ఉంచే సంచి ఇంకా చిన్నది, 30 మి.లీ. అటూ ఇటూ. రోజుకు తాగమనేది మాత్రం ఒకటిన్నర నుంచి 2 లీటర్లు. పైగా భోజనానికి అరగంట ముందు ఆపాలి, తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట దాకా తాగకూడదు. తినడానికి ఇంకో అరగంట. అంటే ఒక్కో పూటకు గంటన్నర పోయింది.

పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా 16 గంటలు. మూడు పూటలకు నాలుగున్నర గంటలు తీసేస్తే మిగిలేది పదకొండున్నర. అందులో 2 లీటర్లు పట్టాలంటే గంటకు 175 మి.లీ., అంటే పావుగంటకు 45 మి.లీ. లోపే. ఇది హాయిగా జరిగే పని. సాయంత్రం 4 దాకా ఏమీ తాగలేదనుకోండి. రాత్రి భోజనం పోను మిగిలింది నాలుగున్నర గంటలే. గంటకు దాదాపు 450 మి.లీ. తాగాలి. ఆ సంచికి అంత పట్టదు. బలవంతంగా పోస్తే రొమ్ము ఎముక కింద పట్టేసినట్టు నొప్పి, నోట్లో నురగ, ఆ వెంటనే వాంతి. తాగిందీ పోతుంది, ఒంట్లో ఉన్నదీ పోతుంది.

అక్కడితో ఆగదు. నీళ్ళు తగ్గితే వికారం వస్తుంది. వికారంగా ఉందని ఇంకా తక్కువ తాగుతారు. దాంతో వికారం పెరుగుతుంది. రెండు రోజులు ఇలా గడిస్తే మూడో రోజు సెలైన్ ఎక్కించాల్సిందే. అందుకే వికారం మొదలవగానే మానేయడం కాదు, ఇంకా చిన్న గుక్కలతో తాగాలి.

దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోవడం కూడా ఈ తప్పుకు తోబుట్టువే. మామూలు మనిషికి రోజు నీళ్ళలో కొంత భాగం అన్నం, పప్పుచారు, కూరలు, పండ్ల ద్వారానే లోపలికి పోతుంది. మీరు తినేది నాలుగైదు చెంచాలు. ఆ నీళ్ళు కూడా గ్లాసుతోనే పూడ్చుకోవాలి. దాహం తెలిసేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఆకలినీ దాహాన్నీ కాదు, గడియారాన్ని నమ్మండి.

కొలత ఎలా పెట్టుకోవాలి

దగ్గు మందు సీసాకు వచ్చే కొలత మూత తీసుకోండి. గీతలు ఉంటాయి, 5, 10, 15 మి.లీ. అని. మొదటి నెల దానితోనే తాగండి: 15 మి.లీ. ఒక మూత, అయిదు నిమిషాలకోసారి. గుక్క సైజు నోటికి అలవాటయ్యేదాకా గ్లాసు ముట్టుకోవద్దు. తర్వాత అర లీటరు సీసాలు నాలుగు నింపుకోండి. పొద్దున 10 లోపు ఒకటి, మధ్యాహ్నం 2 లోపు రెండోది, సాయంత్రం 6 లోపు మూడోది, పడుకునే లోపు నాలుగోది. సీసా మీద టైము రాసి పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళు కూడా ఒక చూపులో కనిపెడతారు. ఫోనులో పావుగంట అలారం పెట్టుకోవడం నామోషీ కాదు.

ఒక సీసా టైముకు అవ్వలేదా? రెండోదానితో కలిపి తాగొద్దు. అదే వేగంతో కొనసాగించి, పడుకోవడం ఒక గంట ఆలస్యం చేయండి, రాత్రి లేచినప్పుడు రెండు గుక్కలు వేసుకోండి. తప్పిన నీళ్ళను కలిపి తాగొద్దు. వరసగా రెండు రోజులు లీటరు దాటకపోతే మీ సర్జరీ టీముకు ఫోన్ చేయండి, మూడో రోజు దాకా చూడకండి.

ఏం తాగాలి

మంచినీళ్ళే మొదట. కొంతమందికి ఆపరేషన్ తర్వాత ఉత్త నీళ్ళు కడుపులో బరువుగా, లోహపు రుచితో ఉంటాయి. అలాంటప్పుడు గోరువెచ్చగా గానీ, కుండలో చల్లబడ్డవి గానీ ప్రయత్నించండి. జీలకర్ర కాచి వడకట్టిన నీళ్ళు, సోంపు నీళ్ళు, నాలుగు చుక్కల నిమ్మరసం పిండిన నీళ్ళు చాలామందికి దిగుతాయి. పలుచని మజ్జిగ మంచిదే: ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్ళు, చిటికెడు ఉప్పు, వెన్న తీసేసి, పచ్చిమిర్చి లేకుండా. పాలపదార్థాలు తాగాక కడుపు ఉబ్బరం, విరేచనాలు అయితే కొన్నాళ్ళు ఆపండి. రాగి జావ, సగ్గుబియ్యం జావ నీళ్ళ లెక్కలోకి రావు. అవి తిండి.

కొబ్బరి నీళ్ళు రోజుకు ఒక లేత బొండంలో సగం చాలు, అదీ గంటసేపు. పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, బీపీకి టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టరును అడగనిదే తాగొద్దు.

చెరకు రసం, మామిడి రసం, కూల్‌డ్రింకు, సుగంధి షర్బత్ దగ్గర జాగ్రత్త. బైపాస్ అయినవాళ్ళలో చక్కెర నేరుగా చిన్నపేగులోకి పడి, ఒంట్లోని నీళ్ళను అక్కడికి లాగుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. చల్లగా ఉందని తాగింది ఒంట్లో నీళ్ళను ఇంకా తగ్గించి పోతుంది.

ఓఆర్‌ఎస్ విషయంలో ప్యాకెట్ వెనక చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. ఆ పేరు పెట్టుకుని చక్కెర పానీయాలు డబ్బాల్లో అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పదం వాడొద్దని ఆదేశించింది. పేరు మారినా షాపులో అవే డబ్బాలు పక్కపక్కనే కనిపిస్తాయి, చూసి కొనండి. పొడి ప్యాకెట్ ఒక లీటరుదైతే లీటరు నీళ్ళలోనే మొత్తం కలపాలి. గ్లాసులో సగం పొడి వేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి.

మందులు

ఎండలు ముదరకముందే, మార్చిలోనే, మీ మందుల చీటీ డాక్టరుకు చూపించండి. బీపీ బిళ్ళలో హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీళ్ళు పోగొట్టే మందు కలిసి ఉండొచ్చు. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా తగ్గుతుంది, పాత మోతాదు ఎక్కువైపోతుంది. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే అవి మూత్రంలో చక్కెరతో పాటు నీళ్ళనూ పంపేస్తాయి. తిండి సరిగా లేనప్పుడు, షుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకునే ప్రమాదం వీటితో ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏ బిళ్ళ ఆపాలో, ఏది ఆపకూడదో ముందే కాగితం మీద రాయించుకోండి. సొంతంగా ఆపకండి. తలనొప్పికి, ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. బైపాస్ అయినవాళ్ళకు అతుకు దగ్గర పుండ్లు పడతాయి, నీళ్ళు తక్కువున్నప్పుడు ఎవరికైనా కిడ్నీలకు దెబ్బ.

ఇక వరసగా చెప్పేవి

మూత్రం రంగు ఒక్కటే చూసి మోసపోకండి. బి-కాంప్లెక్స్ బిళ్ళ వేసుకున్నాక ఎలాగూ పసుపుపచ్చగా వస్తుంది. ఎన్నిసార్లు, ఎంత వచ్చిందో చూడండి. టీ డికాషన్ రంగుంటే ఆలస్యమైనట్టే.

పడుకున్నవాళ్ళు ఒక్కసారిగా లేవొద్దు. కూర్చుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు నిలబడండి.

బస్సులో బాత్రూమ్ ఉండదని ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ నీళ్ళు మానేస్తారు. ఈ ఆపరేషన్ అయ్యాక ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆగే చోట్లు చూసుకుని బయల్దేరండి, లేదా ప్రయాణం మానుకోండి.

పెళ్ళిలో ఎవరో గ్లాసు చేతిలో పెట్టి "తాగమ్మా, ఎండకొచ్చావు" అంటే ఒక్క గుక్కలో తాగొద్దు. మీ సీసా మీ చేతిలో ఉండాలి.

ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు మొదటి ఏడాది, ఏడాదిన్నర వద్దు. తర్వాతైనా డాక్టరును అడిగే.

కల్లు వద్దు. బీరు వద్దు. సోడా వద్దు.

మొదటి నెల టీ, కాఫీ వద్దు.

బైపాస్ అయినవాళ్ళలో కిడ్నీ రాళ్ళు పెరుగుతాయి. నీళ్ళు తగ్గితే ఇంకా. నడుము పక్క నొప్పి, ఎర్రటి మూత్రం వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

పిల్లలకు సెలవులని ఏప్రిల్, మే నెలల్లోనే ఆపరేషన్ పెట్టుకోవాలనుకుంటే, తర్వాత ఆరు వారాలు ఎక్కడ ఉంటారో ముందు తేల్చుకోండి. రేకుల ఇంట్లో, కరెంటు పోయే ఊళ్ళో అయితే తేదీ మార్చమని అడగండి.

ఆపరేషన్ కొత్తలో కూర్చున్నప్పుడే నాడి 120 దాటితే, జ్వరం, కడుపునొప్పి, భుజం నొప్పి ఉంటే అది నీళ్ళ సమస్య అని సర్దుకోవద్దు. కుట్టు లీకు కావచ్చు. ఆ రాత్రే వెళ్ళండి. రోజులు గడిచేకొద్దీ పెరిగే కడుపునొప్పి కూడా అంతే, నీళ్ళు తగ్గి పేగుల సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు.

8 గంటలుగా మూత్రం రాకపోతే వెళ్ళండి. తాగింది ఒక పూటంతా నిలవకపోతే వెళ్ళండి.

తప్పిన నీళ్ళను కలిపి తాగొద్దు.

నీరసంగా ఉందని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకోవద్దు. ఇది ఖచ్చితంగా గుర్తుంచుకోండి. రోజుల తరబడి వాంతులు అవుతూ, తిండి లేనివాళ్ళలో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అప్పుడు ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ మిగిలిన కొంచెమూ ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు: మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, ఎక్కడున్నారో తెలియకపోవడం. ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా అది ఎమర్జెన్సీ. సెలైన్ బాటిళ్ళలో ఒక రకమైన డీఎన్‌ఎస్‌లో కూడా గ్లూకోజ్ ఉంటుంది.

ఏ ఆసుపత్రికి వెళ్ళినా లోపలికి వెళ్తూనే చెప్పాల్సిన మాట: "నాకు ఫలానా తేదీన స్లీవ్ జరిగింది, ఇన్ని రోజులుగా వాంతులు, గ్లూకోజ్ పెట్టే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి." స్లీవ్ అయితే స్లీవ్ అని, బైపాస్ అయితే బైపాస్ అని. ఈ మాటను, మీ సర్జన్ ఫోన్ నంబరుతో సహా, కాగితం మీద రాసి పర్సులో ఒకటి, ఇంట్లోవాళ్ళ దగ్గర ఒకటి పెట్టండి. కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు చెప్పేది వాళ్ళే.