పర్లాకిమిడి రైసు మిల్లులో వాయిస్ గేట్‌వే సెట్ చేసిన పద్ధతి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. ఇక్కడి రైసు మిల్లు ఫోన్లు సగం బరంపురానికి, సగం శ్రీకాకుళానికి వెళ్తాయి. ఆ మిల్లుకి సిస్కో గేట్‌వే, అంటే కాల్స్‌ని ల్యాండ్‌లైన్‌కో నెట్‌వర్క్‌కో మళ్లించే పెట్టె, నేనే పెట్టాను. దాని ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టులో, అంటే ఎక్స్ఛేంజీ లైను గుచ్చే చోట, ల్యాండ్‌లైన్ ఉంది. బరంపురంలోని మిల్లు కొట్టుకి వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మనకే పరిమితమైన దారి) మీద సిప్ (నెట్‌వర్క్‌లో కాల్ కలిపే పద్ధతి) వెళ్తుంది.

బాక్సు తెరవకముందే కాగితం తీసుకుని, ఏ అంకెతో మొదలైతే కాల్ ఎటు పోవాలో రాసుకోండి. మా ఊరి ల్యాండ్‌లైన్లు 2తో మొదలయ్యే ఆరంకెల నంబర్లు. లోపలి ఫోన్లకి కూడా 2తో మూడంకెలు ఇచ్చామనుకోండి, ఊళ్లో నంబరు కొడుతుంటే మూడో అంకెకే మిల్లులో ఫోన్ మోగుతుంది. అందుకే మిల్లుకి 7తో, కొట్టుకి 8తో ఇచ్చాను.

బయటి ఊళ్ల సంగతి ఇంకా తేలిక. బరంపురం కోడ్ 0680, శ్రీకాకుళం కోడ్ 08942. కోడ్ పొడవు వేరైనా నంబరుతో కలిపితే రెండూ 11 అంకెలే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ మీద సెల్‌కి కొట్టినా ముందు సున్నా కావాలి, అదీ 11 అంకెలే. కాబట్టి డెస్టినేషన్ ప్యాటర్న్‌లో, అంటే కొట్టిన నంబరు ఎలా ఉండాలో చెప్పే లైనులో, సున్నా, తర్వాత పది చుక్కలు చాలు. ఒక్కో చుక్క ఏదో ఒక అంకె. నేను మొదట సున్నా పక్కన టీ అక్షరం పెట్టాను. టీ అంటే ఎన్ని అంకెలైనా రావచ్చని. అది ఉంటే ఆఖరి అంకె తర్వాత మామూలుగా 10 సెకన్లు ఆగుతుంది. లైను చచ్చిపోయిందనుకుని గుమస్తా గారు ప్రతిసారీ ఫోన్ పెట్టేసేవారు.

అది సరిచేశాక ఇంకో చిక్కు. శ్రీకాకుళం కాల్ ఒక్కటీ కలవలేదు. డయల్ పీర్ అంటే ఏ నంబరు ఎటు పోవాలో గేట్‌వేలో రాసే రూలు, పాట్స్ అంటే మామూలు ల్యాండ్‌లైన్. పాట్స్ డయల్ పీర్‌లో మనం స్పష్టంగా రాసిన అంకెల్ని గేట్‌వే తీసేసి, చుక్కలకి సరిపడినవే బయటికి పంపుతుంది. అంటే ఎక్స్ఛేంజీకి సున్నా అందడం లేదన్నమాట. 'ఫార్వర్డ్ డిజిట్స్ ఆల్' ఇస్తే కలిసింది. 112కి వేరే పీర్ పెట్టి అక్కడా ఇదే ఇవ్వండి, మరిచిపోవద్దు. లేకపోతే మూడంకెలూ పోయి బయటికి ఏమీ వెళ్లదు. ఆపదలో ఉన్న మనిషి కొట్టే నంబరది.

ఇక పేర్లు. బరంపురం పీర్‌లో సెషన్ టార్గెట్‌కి (కాల్ చేరాల్సిన చోటు) ఐపీ అడ్రసు బదులు పేరు ఇచ్చాను, రేపు కొట్టులో రూటర్ మారినా ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. కాకపోతే ఆ పేరు బయటి డీఎన్ఎస్‌కి, అంటే పేరు చెబితే అడ్రసు ఇచ్చే సర్వర్లకి, తెలియదు. అందుకే 'ఐపీ హోస్ట్' కమాండ్‌తో గేట్‌వేలోనే రాయాలి. సిప్ ముందు ఎస్ఆర్‌వీ రికార్డు అడుగుతుంది, ఏ మెషీన్, ఏ పోర్టు అని. ఆ తర్వాతే అడ్రసు. రెండూ రాయండి, పోర్టు 5060. ఫోన్ కంపెనీ వాళ్ల సిప్ ట్రంక్ (నెట్‌వర్క్ మీద ఇచ్చే ఫోన్ లైను) తీసుకుంటే మాత్రం వాళ్లిచ్చిన పేరే ఉంచి, రెండు నేమ్ సర్వర్లు (డీఎన్ఎస్ సర్వర్లు) పెట్టండి. వాళ్లు అడ్రసు మార్చినా మీ కాల్ ఆగదు.

ఒక హెచ్చరిక. మిల్లు నుంచి ఐపీ మీద బరంపురం వచ్చిన కాల్‌ని అక్కడి ల్యాండ్‌లైన్‌లోకి వదలకండి. అది టోల్ బైపాస్, అంటే ఎస్టీడీ చార్జీ తప్పించుకోవడం, చట్టం ఒప్పుకోదు.

చివరగా 'షో డయల్‌ప్లాన్ నంబర్' పక్కన కాగితం మీది ఒక్కో నంబరూ కొట్టి, ఏ పీర్‌కి తగులుతోందో చూడండి. తర్వాత కొట్టు పేరు గేట్‌వేలోనే దొరుకుతోందో లేదో తేలడానికి నేమ్ సర్వర్ లైన్లు కాసేపు తీసేసి, మిల్లు ఫోన్ నుంచి కొట్టుకి ఫోన్ చేయండి. మోగితే ఆ లైన్లు తిరిగి పెట్టి, కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి.