ఇంటి కోవిడ్ యాంటిజెన్ టెస్టు: కార్డు మీద గీతలతో వచ్చే చిక్కులు

జ్వరం, దగ్గు ఉన్నాయి, టెస్టు మాత్రం నెగెటివ్

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఈ టెస్టు వెతికేది వైరస్ ప్రోటీన్‌ని. ఆ పూట ముక్కులో అది తగినంత ఉంటేనే గీత పడుతుంది. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో వైరస్ జన్యుపదార్థం రవ్వంత దొరికినా దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూస్తారు. కార్డులో ఆ పని జరగదు. అందుకే మొదటి రోజు నెగెటివ్ వచ్చి, మూడో రోజు పాజిటివ్ రావడం మామూలే.

రెండో కారణం మన చెయ్యి. తుమ్ము వస్తుందని దూది పుల్లను ముక్కు అంచున తాకించి తీసేస్తాం. 2021 మేలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అనుమతించిన మన మొదటి ఇంటి కిట్ కోవిసెల్ఫ్‌లో అయితే 2 నుంచి 4 సెంటీమీటర్లు లోపలికి పెట్టి, రెండు ముక్కుల్లోనూ 5 సార్లు చొప్పున తిప్పాలి. మీ కిట్‌లో లెక్క వేరే ఉండొచ్చు, కాగితం చదవండి.

ఏం చేయాలంటే, 48 గంటలు ఆగి మళ్లీ చూడండి. లక్షణాలుంటే కనీసం 2 సార్లు, లేకపోతే 3 సార్లు చేయమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో చెప్పింది. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలన్నది ఐసీఎంఆర్ మాట. ఈలోగా మాస్కు తీయొద్దు. ఆయాసం వస్తే మాత్రం టెస్టు సంగతి వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో మాట: కోవిడ్ కిట్ ఫ్లూని పట్టదు. రెండూ చూసే కిట్లలో ఫ్లూ ఏ, ఫ్లూ బీలకు విడిగా గుర్తులుంటాయి. ఇక వానాకాలంలో జలుబు, దగ్గు లేకుండా ఒళ్లు విరిచేసే జ్వరమొస్తే ముక్కులో పుల్ల తిప్పుతూ కూర్చోకండి. డెంగీ ఏమో, రక్తపరీక్ష కావాలి.

గీత ఉందా, లేదా?

కార్డు మీద సీ దగ్గర గీత పడితే టెస్టు పనిచేసినట్టు, టీ దగ్గర కూడా పడితే వైరస్ దొరికినట్టు. మా అమ్మకు చేసినప్పుడు సీ దగ్గర గీత ముదురుగా పడింది. టీ దగ్గర, వెలిసిపోయిన కుంకుమ మరకలా ఏదో ఉంది. కార్డు కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి ముగ్గురం వాదించుకున్నాం. "అది గీత కాదురా, నీడ" అంది అమ్మ. గీతే. టైములోపు రంగుతో కనబడితే ఎంత లేతగా ఉన్నా పాజిటివే. రంగు ముదిరితే జబ్బు ముదిరినట్టు కాదు, ఆ లెక్కలు వేసుకుని టెన్షన్ పడొద్దు.

సీ గీత రాలేదు

టెస్టు చెల్లదు. టీ ఒక్కటే వచ్చినా చెల్లదు. చుక్కలు తక్కువ పడి ఉంటాయి, లేదా కిట్ పాడై ఉంటుంది. అదే కార్డులో ఇంకో చుక్క వేయకండి, కొత్త కిట్ తీయండి.

రాత్రి నెగెటివ్, పొద్దున చూస్తే గీత

ఆరిపోయిన కార్డు మీద ఉత్తుత్తి గీతలు తేలతాయి. చాలా కిట్లలో 15 నిమిషాలకు చూడాలి, 20 దాటితే లెక్కలోకి రాదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. చెత్తబుట్టలోంచి తీసి మళ్లీ చూడొద్దు. అనుమానముంటే కొత్త కిట్‌తో చేసుకోండి.

బఫర్ (కిట్‌తో వచ్చే ద్రవం) ఒలికిపోయింది, నీళ్లు పోయొచ్చా?

వద్దు. గీత దగ్గరున్న యాంటీబాడీలు సరిగ్గా పనిచేయాలంటే పుల్లదనం, ఉప్పు ఆ ద్రవంలో ఉన్నట్టే ఉండాలి. కార్డు మీద నేరుగా కూల్‌డ్రింకో నారింజ రసమో పోస్తే వైరస్ లేకుండానే పాజిటివ్ గీత వస్తుంది. బ్రిటన్‌లో స్కూలు పిల్లలు ఈ చిట్కాతోనే బడి ఎగ్గొట్టారు.

కిట్ ఎండలో ఉండిపోయింది

చాలా కిట్లకు 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో కారు డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయినదాన్ని నమ్మొద్దు. ఫ్రిజ్‌లోంచి తీస్తే వెంటనే వాడకుండా గది వేడికి రానివ్వండి. అమెరికాలో చలికాలం పార్సిల్ గుమ్మం దగ్గర గడ్డకట్టి ఉంటే, విప్పకుండా ఇంట్లో 2 గంటలు ఉంచాక వాడండి.

వారం దాటింది, గీత ఇంకా పోలేదు

ఇంకా అంటించే అవకాశం ఉందనుకుని పెద్దవాళ్లకు దూరంగా ఉండండి. తగ్గిందో లేదో చూడ్డానికి ఆర్‌టీపీసీఆర్‌కి వెళ్లకండి. కోలుకున్నాక కూడా అది వారాల తరబడి పాజిటివ్ చూపించొచ్చు.