చిన్న ఊళ్ళో చదరంగం బృందం నిలబెట్టాలంటే

మీ ఊళ్ళో నలుగురినీ పోగేసి వారం వారం చదరంగం ఆడించాలని ఉందా? అయితే ముందే ఒక సంగతి తెలుసుకోండి. "మంచి పనండీ, తప్పకుండా వస్తాం" అని అందరూ అంటారు. తీరా ఆ రోజుకి వచ్చేది ఇద్దరు. దాంతో చాలామంది "మా ఊరి జనానికి ఆసక్తి లేదు" అని తేల్చేసి మానేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. భీమిలిలో నాకు జెరాక్స్ షాపు ఉంది. కాగితాలు వచ్చేలోగా కౌంటరు దగ్గర నిలబడి ఫోన్లో చెస్ ఆడేవాళ్ళని రోజూ చూస్తాను. మాస్టార్లు, ఆటో డ్రైవర్లు, బోటు మీద వేటకెళ్ళే కుర్రాళ్ళు, ఇంటర్ పిల్లలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు లేని రోజుల్లో మా వీధి అరుగుల మీద సాయంత్రమైతే ఒకటే ఆటలు. ఆసక్తి లేకపోవడమేమిటి?

ఫోన్లో ఓడిపోతే ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆదివారం ఓడిపోతే సోమవారం పొద్దున టిఫిను బండి దగ్గర తెలిసిపోతుంది. విశాఖలో ఓడించినవాడు ఎవరో, మనమెవరో. భీమిలిలో ఓడించినవాడు మీ తోడల్లుడి తమ్ముడు. జనం రానిది అందుకే. కాబట్టి చిన్న ఊళ్ళో మీరు పట్టించుకోవాల్సింది, అన్నిటికన్నా ముందు, ఓడినవాళ్ళ పరువు.

మొదటి నెలల్లో ఒక్కరితో ఒక్కరిని ఆడించకండి. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చోవాలి. ఎత్తు వేసే ముందు ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. గోల గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. ఓటమి ఇద్దరిదీ అయ్యేసరికి ఎవరికీ బరువనిపించదు. పైగా ఎన్నేళ్ళుగానో ముఖ పరిచయం మాత్రమే ఉన్నవాళ్ళు ఒకే గుర్రం గురించి అరగంట వాదించుకున్నాక బాగా దగ్గరవుతారు. బాగా ఆడే పిల్లల్ని, కొత్తగా వచ్చిన పెద్దల్ని జంట కట్టండి, ఎదురెదురుగా మాత్రం కూర్చోబెట్టకండి.

తర్వాత ఒంటరి ఆటలకి వచ్చినప్పుడు బలమైనవాళ్ళ చేయి కొంచెం కట్టాలి. మంత్రినో ఏనుగునో తీసేసి ఆడటం పాత పద్ధతి. కానీ పదోక్లాసు కుర్రాడు తన మంత్రిని తీసి పక్కన పెడితే ఎదురుగా ఉన్న పెద్దమనిషికి అది చిన్నతనంగా ఉంటుంది. దానికి బదులు, ఆట మొత్తానికి ఒక్కొక్కరికి ఇచ్చే టైములో తేడా పెట్టండి. ఈయనకి పదిహేను నిమిషాలు, వాడికి మూడు. టైము తక్కువ ఉన్నవాడు తొందరలో తప్పులు చేస్తాడు, ఆట సమంగా నడుస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. చెస్ గడియారం యాప్‌లు ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయి. ఎవరు ఎన్ని గెలిచారో గోడ మీద రాయొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు.

నియమాల దగ్గర గొడవ వస్తుంది, సిద్ధంగా ఉండండి. చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా బృందంలో ఆడటానికి వస్తారు. మొదటి రోజు ఏడోక్లాసు అమ్మాయి ఎదురుగా కూర్చున్నారు. ఆ పిల్ల రాజు ముందు బంటుని రెండు గళ్ళు జరిపింది. ఆయన వేలితో దాన్ని ఒక గడి వెనక్కి తోసి, "బంటు రెండు గళ్ళు ఎలాగ ఎల్తాదమ్మా?" అన్నారు. "మొదటిసారి ఎల్లొచ్చు తాతగారూ" అంది పిల్ల. కాసేపటికి ఆయన రాజు గుర్రంలా గెంతాడు. పిల్ల నావైపు చూసింది. అది మన పాత ఆట. అందులో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది, రాజు చెక్ పడకముందు ఒక్కసారి గుర్రం అడుగు వేయొచ్చు, రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్ ఉండదు. ఇలాంటప్పుడు రూల్సు తీసి చదివితే ఆ పెద్దాయన మళ్ళీ రారు. మేము ఒక ఆట ఆయన పద్ధతిలో, ఒక ఆట ఇప్పటి పద్ధతిలో పెట్టాం. ఆ పిల్ల ఇప్పుడు "తాతగారి ఆట" తోటి పిల్లలకి నేర్పుతోంది. ఆయన ఇప్పటి పద్ధతిలోనూ బాగానే ఆడుతున్నారు, క్యాస్లింగ్ మాత్రం చేయరు.

ఇక చోటు. ఎవరి ఇల్లూ వద్దు, ఏ కులం భవనమూ వద్దు, ఏ పార్టీ ఆఫీసు మేడా వద్దు. ఎవరి అరుగు మీద కూర్చున్నారన్నదే ఊళ్ళో మొదటి ప్రశ్న. బీచ్ చూడటానికి బాగుంటుంది గానీ సాయంత్రం గాలికి ప్లాస్టిక్ పావులు నిలబడవు. బడి వరండా అన్నిటికన్నా మంచిది. మూఢంలోనూ ఆషాఢంలోనూ పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. నోటిమాట మీద మాత్రం ఆధారపడకండి. మాకు ఒక హాలు ఇస్తామని చెప్పి, ఫంక్షనేదో వచ్చిందని ఆ సాయంత్రం తాళం వేసుకున్నారు. పిల్లలంతా గేటు దగ్గర నిలబడ్డారు. చాలా బాధేసింది. తిప్పి పంపకుండా దగ్గర్లో ఉన్న గుడి మెట్ల మీద బోర్డులు పరిచాం. రెండో చోటు ఎప్పుడూ చూసి ఉంచుకోండి. ఒక్క వారం ఆగితే "ఆగిపోయిందట" అనే మాట నెలంతా తిరుగుతుంది.

ఆడపిల్లలు ఎనిమిదో తొమ్మిదో క్లాసుకి వచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది ఇదే. ఆట ఐదింటికి మొదలై చీకటి పడకముందే ముగియాలి, గదిలో ఒక పెద్దావిడ తప్పకుండా ఉండాలి. తల్లులనీ రమ్మనండి. ఆడకపోయినా కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళు కొన్నాళ్ళకి పావులు ముట్టుకుంటారు. కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే చెస్) టైటిల్ గెలిచింది అని చెబితే తండ్రులు చెవి ఒగ్గుతారు. "మా అమ్మాయి కూడా అలా అవుతుందా?" అని అడిగితే నిజమే చెప్పండి. దానికి కోచింగ్ కావాలి, రేటింగ్ టోర్నమెంట్లు తిరగాలి. ఇది అందుకు పెట్టింది కాదు.

ఫ్లెక్సీ, ప్రారంభోత్సవం, అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు ఏవీ వద్దు. మన రాష్ట్రంలో 2001 నాటి చట్టం కింద సొసైటీ రిజిస్టర్ చేయాలంటే ఏడుగురు ఉంటే చాలు. సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా కావాల్సి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ముందే పదవులు పుడితే ఆట పక్కకి పోయి తగవు మిగులుతుంది.

ఊరి క్యాలెండరు ప్రకారం నడవండి. మార్చిలో పరీక్షలు, పిల్లలు రారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర బోట్ల వేట నిషేధం, కుర్రాళ్ళు ఒడ్డునే ఉంటారు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేరేది అప్పుడే. కానీ ఆ రెండు నెలలూ ఇళ్ళలో డబ్బు కటకట, చందా అనే మాట ఎత్తొద్దు. బోర్డులు చాలకపోతే ఏ3 కాగితం మీద గళ్ళు ప్రింటు తీసుకోండి, చిన్న పావులకి సరిపోతుంది.

మీరు తయారుచేసిన మంచి ఆటగాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోతారు. టెన్త్ అవగానే నగరంలో హాస్టలు, ఆ తర్వాత హైదరాబాదో బెంగళూరో. దానికి కుంగిపోకండి. వెళ్ళేవాళ్ళ చేత కింది క్లాసు పిల్లలకి నేర్పించి పంపండి. సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ సాయంత్రం ఆట ఉంటుందని ముందే చెప్పండి. సామాన్ల పెట్టె తాళం చెవులు ముగ్గురి దగ్గర ఉంచండి. అందులో ఒకరు ఊరు కదలనివాళ్ళై ఉండాలి. మా దగ్గర ఒక చెవి మా పక్క షాపు టైలరమ్మ దగ్గర ఉంటుంది. ఆవిడకి ఆట రాదు. ఐదు కొట్టేసరికి మాత్రం మిషను ఆపి వచ్చి పెట్టె తీస్తుంది. అలాంటి మనిషిని మొదటి వారమే వెతికి అడిగి పెట్టుకోండి.