యూరియా మురుగు కాలువలోకి పోకుండా చల్లేదెలా

మా చేను కోనసీమలో, డ్రెయిన్ గట్టును ఆనుకుని ఉంటుంది. ఇక్కడ మడి దాటిన నీళ్లు చివరికి చేరేది సముద్రంలోకే. యూరియాగా వరికి వేసిన నత్రజనిలో చాలాసార్లు సగం కూడా పైరుకు అందదు. కొంత గాల్లో కలుస్తుంది, కొంత నీటి వెంట పోతుంది. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అంత ఏపుగా పెరగడానికి ఆ బలం కూడా కారణమే.

‘వరద వస్తేనే కదా సముద్రంలో చేపలు’ అంటారు వేటకెళ్లేవాళ్లు. నిజమే. కానీ వరద తెచ్చే మేత వేరు, మన యూరియా వేరు. గోదారి ఒండ్రుతో పాటు సిలికా కూడా తెస్తుంది. దానితో గుల్ల కట్టుకునే సూక్ష్మమైన నాచు మీదే చిన్న చేపల బతుకు ఆధారపడి ఉంటుంది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది, పొలాల నుంచి నత్రజని పెరుగుతోంది. అప్పుడు వేరే నాచులు విరగబడతాయి, అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది.

అందుకని చల్లే ముందు వాతావరణ సూచన చూడండి. ఇప్పుడు వానలు రోజుల తరబడి ఎగ్గొట్టి, ఒక్క రాత్రిలో కుమ్మరిస్తున్నాయి. యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో మడి పొర్లితే డబ్బులు డ్రెయిన్‌లో పోసినట్టే. భారీ వాన సూచన ఉంటే ఆగండి, పైరుకేమీ కాదు. 2015 నుంచి బస్తాలో వచ్చేది వేపపూత యూరియాయే కదా అని ధీమా పడొద్దు. పూత నత్రజని మారే వేగాన్ని తగ్గిస్తుంది గానీ, వాన నీటిని ఆపదు.

తర్వాత గట్టు. పొద్దున్నే డ్రెయిన్ వైపు నడుస్తూ అడుగున చూడండి. పైన పొడిగా ఉన్నా, ఎండ్రకాయల కన్నాల్లోంచి సన్నగా నీరు ఊరుతుంటుంది. బంకమట్టి లోపలి వైపు నుంచే కూరి, కాలితో తొక్కండి. బయట మూస్తే రెండు రోజుల్లో మళ్లీ ఊడుతుంది.

మడిలో నీళ్లు తీసేసి చల్లమంటారు. ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదలకండి. ముందుగా తడి ఆపేస్తే వాటంతటవే ఇంకుతాయి. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలయ్యాక పలచగా నీరు పెట్టండి. తూము మూసే ఉంచాలి. మొత్తం మందును దమ్ములో, దుబ్బు చేసేటప్పుడు, అంకురం తొడిగేటప్పుడు (కాండం లోపల వెన్ను మొదలయ్యేటప్పుడు) మూడు వంతులుగా వేయండి. నత్రజనితో పాటు భాస్వరం ఉండే డీఏపీ మాత్రం ఆఖరి దమ్ములోనే, పైపాటుగా వద్దు.

తుపాను ముంపు తర్వాత బూస్టర్ డోసు, అంటే పైరు తేరుకోవడానికి అదనపు ఎరువు, వేసేవాళ్లు నీరు పూర్తిగా తీసి, గండ్లు పూడ్చి, పైరు కొత్త ఆకు వేశాకే వేయండి.